ఇంటి షెడ్యూల్ అంతా ఒక్కరి బుర్రలోనే ఎందుకుండాలి?

చాలా ఇళ్ళల్లో ఒక మనిషి ఉంటుంది. స్కూలు గ్రూపు ఆవిడ ఫోన్లోనే, అపార్ట్‌మెంట్ గ్రూపు ఆవిడ ఫోన్లోనే, వ్యాన్ డ్రైవర్ నంబరు, డాన్స్ టీచర్ నంబరు, అత్తగారి డాక్టర్ అపాయింట్‌మెంటు, గ్యాస్ బండ ఎప్పుడు మార్చారో, పనమ్మాయి ఎప్పుడు ఊరెళ్తుందో, మంజీరా కుళాయి నీళ్ళు ఏ రోజు ఎన్నింటికి వదుల్తారో, అన్నీ ఆవిడ బుర్రలోనే. మిగతా వాళ్ళంతా ఆవిడని అడుగుతారు. రేపు స్కూలుందా, నా ఐడీ కార్డేది, తాతయ్య మందులు అయిపోయాయా, శనివారం మనం ఎక్కడికైనా వెళ్తున్నామా... ఆవిడ కూర కలుపుతూ, ఆఫీసు కాల్‌లో మ్యూట్ పెట్టి, స్నానాల గది తలుపు లోపల్నుంచి కూడా సమాధానం చెప్తూనే ఉంటుంది. ఆవిడకి నాలుగు రోజులు జ్వరమొస్తే ఇల్లు మొత్తం ఆగిపోతుంది.

బిజీ ఫ్యామిలీకి ఏ యాప్ మంచిది, ఏ ప్లానర్ కొనాలి అని ఎవరైనా అడిగితే నేను ముందు ఈ మనిషి గురించే మాట్లాడతాను. ఎందుకంటే నా ఉద్దేశంలో అసలు సమస్య పనులు ఎక్కువవడం ఒక్కటే అయితే ఎలాగోలా పంచుకుని లాక్కొచ్చేస్తాం, కానీ ఆ పనులు గుర్తుపెట్టుకునే పని ఎవరూ పంచుకోవట్లేదు, అసలు అదొక పనని కూడా చాలామందికి తెలీదు. అది పంచకుండా ఎన్ని యాప్‌లు వేసుకున్నా, ఆ యాప్ నింపే పని కూడా మళ్ళీ ఆవిడకే పడుతుంది.

మా ఇంట్లో ఆరుగురం. నేను, మా ఆయన ఇద్దరం ఉద్యోగాలు, అందులో ఆయనకి షిఫ్టులు మారుతుంటాయి. అబ్బాయి ఇంటర్ ఫస్టియర్, అమ్మాయి ఆరో తరగతి, అత్తయ్యగారు మావయ్యగారు మాతోనే ఉంటారు. ఇంకా కాకినాడలో మా అమ్మా నాన్న, డాలస్‌లో తమ్ముడు. ఇన్ని చోట్ల ఇన్ని టైములు. ఈ వ్యాసంలో చెప్పేవన్నీ మా ఇంట్లో నిలబడినవే, మీ ఇంటికి అచ్చంగా సరిపోకపోవచ్చు కానీ కారణాలు మాత్రం సరిపోతాయనుకుంటున్నా.

2019లో అలిసన్ డామింజర్ అనే అమెరికన్ సోషియాలజిస్టు 35 జంటలతో మాట్లాడి ఒక పేపర్ రాసింది. ఇంటిపని వెనకాల ఉండే ఆలోచనని ఆవిడ నాలుగు ముక్కలు చేసింది. ఫలానాది అవసరమవుతుందని ముందే కనిపెట్టడం, ఏం దార్లున్నాయో వెతకడం, ఏదో ఒకటి నిర్ణయించడం, ఆ తర్వాత అది సరిగ్గా జరిగిందో లేదో కనిపెట్టుకుని ఉండటం. వీటిల్లో నిర్ణయించడం దగ్గర మొగుడూ పెళ్ళాం ఇద్దరూ దాదాపు సమానంగానే ఉన్నారట, మొదటిదీ చివరిదీ మాత్రం ఎక్కువగా ఆడవాళ్ళ మీదే పడుతున్నాయట. ఇది చదివినప్పుడు నాకు మా సంక్రాంతి టికెట్లే గుర్తొచ్చాయి. రైల్వేవాళ్ళు 2024 నవంబర్ 1 నించి ముందస్తు రిజర్వేషన్ 120 రోజుల్నించి 60 రోజులకి తగ్గించారు కదా, అంటే జనవరి 12న లింగంపల్లిలో కాకినాడ వెళ్ళే గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే నవంబర్ 13 పొద్దున్న ఎనిమిదింటికి సిద్ధంగా ఉండాలి. దీపావళి అప్పుడే అయ్యుంటుంది, సంక్రాంతి సంగతి ఎవరి మనసులోనూ ఉండదు. ఆ తేదీ గుర్తుంచుకున్నది ఒకరు, అబ్బాయికి కాలేజీ సెలవలు ఎప్పట్నించో కనుక్కున్నది ఒకరు, మావయ్యగారికి లోయర్ బెర్త్ కావాలని గుర్తుపెట్టుకున్నది ఒకరు, వెయిటింగ్ లిస్టు కదిలిందా లేదా అని చార్టు అయ్యేదాకా చూసుకున్నది ఒకరు, ఆ ఒకరూ ఒకరే. మధ్యలో "గౌతమికే వెళ్దాం, పొద్దున్నకి దిగిపోతాం" అన్న నిర్ణయం మాత్రం అందరం కూర్చుని తీసుకున్నాం. బయటినించి చూసేవాళ్ళకి ఆ నిర్ణయమే కనిపిస్తుంది, ఇద్దరూ కలిసే చేసుకుంటున్నారు కదా అనిపిస్తుంది.

మన దేశంలో కూడా ప్రభుత్వం టైమ్ యూజ్ సర్వే చేస్తోంది, 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి. ఇంటిపని చేసే ఆడవాళ్ళు దానికి రోజుకి సగటున 289 నిమిషాలు పెడుతుంటే, చేసే మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని 2024 లెక్క. 2019లో ఇవి 299, 97. అంటే అయిదేళ్ళలో ఆడవాళ్ళకి పది నిమిషాలు తగ్గితే మగవాళ్ళకీ తొమ్మిది నిమిషాలు తగ్గింది, తేడా ఎక్కడిదక్కడే ఉంది. ఈ సర్వేలో రోజుని అరగంట గడులుగా చేసి ఏ గడిలో ఏం చేశారని అడుగుతారు. మెట్రోలో నిలబడి "అయ్యో రేపు వ్యాన్ రాదు, మావయ్యగారికి చెప్పాలి" అనుకునే అర నిమిషం ఏ గడిలో పడుతుంది? ఆ గడిలో ప్రయాణం అనే ఉంటుంది. అలాంటి అర నిమిషాలు రోజంతా పరుచుకుని ఉంటాయి, ఏ లెక్కకీ రావు, కానీ రాత్రి పడుకునేటప్పటికి బుర్ర వాచిపోయేది వాటివల్లే.

ఇప్పుడు వాట్సాప్ సంగతి. ప్రతి ఇంటికీ ఒక ఫ్యామిలీ గ్రూపు ఉంటుంది, అందరూ అందులోనే అన్నీ చెప్పేసుకుంటున్నాం అనుకుంటారు. నేను ఈ విషయంలో గట్టిగానే వాదిస్తాను, ఇంటి షెడ్యూల్‌కి వాట్సాప్ గ్రూపంత పనికిరాని చోటు ఇంకోటి లేదు. మంగళవారం నాడు "శనివారం పీటీఎం ఉంది" అని, అంటే స్కూల్లో పేరెంట్స్ మీటింగు ఉందని మెసేజ్ పెట్టాం అనుకోండి, ఆ మెసేజ్ మంగళవారం దగ్గరే ఉండిపోతుంది. శనివారానికి దాని మీద గుడ్ మార్నింగ్ పువ్వులు, పెద్దమ్మ వాళ్ళ మనవరాలి అన్నప్రాసన ఫొటోలు, ఎవరో పంపిన కషాయం వీడియో, అన్నీ వచ్చి పడుంటాయి. పిన్ చేసి పెట్టొచ్చు, అదీ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే. ఇంకో పెద్ద చిక్కు ఏంటంటే, గ్రూపులో పెట్టినవాళ్ళు "చెప్పేశాను" అనుకుంటారు, చూసినవాళ్ళు "ఇంకెవరో చూసుకుంటారు" అనుకుంటారు, రెండు బ్లూ టిక్కులు పడ్డాక ఆ పని ఎవరిదీ కాకుండా పోతుంది. ఆ తర్వాత "గ్రూపులో పెట్టాను కదా" "నేను చూళ్ళేదు" "చూసినట్టు టిక్ ఉంది కదా" అనే గొడవ ఎన్ని ఇళ్ళల్లో జరగట్లేదు చెప్పండి. కబుర్లకీ ఫొటోలకీ వాట్సాప్ బాగుంటుంది. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, అరగంట లేటవుతుంది అని చెప్పడానికి బాగుంటుంది. తేదీ ఉన్న విషయాలకి మాత్రం వద్దు.

మరి గూగుల్ క్యాలెండర్? అది మంచిదే, నేనూ వాడతాను. ఫ్యామిలీ గ్రూపు పెట్టుకుంటే ఆరుగురి వరకూ ఒకే క్యాలెండర్ పంచుకోవచ్చు, మా ఇంటికి లెక్క సరిగ్గా సరిపోతుంది కూడా. కానీ అత్తయ్యగారు ఫోన్లో యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు, వీడియో కాల్స్ మాట్లాడతారు, అంతకుమించి క్యాలెండర్ తెరిచి రేపేముందో చూడమంటే ఆవిడకి అది ఎప్పటికీ అలవాటు కాదు, కావాలని నేను అనుకోవట్లేదు కూడా. అబ్బాయి కాలేజీకి ఫోన్ తీసుకెళ్ళనివ్వరు, ఇంటికొచ్చాక వాడి చేతికి ఫోన్ ఇవ్వకూడదని మేమే అనుకున్నాం. అమ్మాయికి ఫోనే లేదు. అంటే ఆరుగురి ఇంట్లో ఆ క్యాలెండర్ చూడగలిగేది ఇద్దరో ముగ్గురో, మిగిలినవాళ్ళు మళ్ళీ ఆ ఇద్దర్నీ అడగాల్సిందే. అడగడం ఎక్కడ మొదలైందో సమస్య మళ్ళీ అక్కడికే వచ్చేసింది.

అందుకే నా ఓటు గోడకి. మన ఇళ్ళల్లో ఇదేమీ కొత్త కాదు. పెద్ద పెద్ద గడులున్న తెలుగు క్యాలెండర్, తిథి నక్షత్రం వర్జ్యం రాహుకాలం అన్నీ ఉన్నది, వంటింటి గుమ్మం పక్కనే మేకుకి వేలాడేది. అమ్మావాళ్ళు దాని మీదే పాల లెక్క రాసేవాళ్ళు, ఏ రోజు అర లీటరు ఎక్కువ పోయించుకున్నారో, పనిమనిషి ఏ రోజు నాగా పెట్టిందో, గ్యాస్ ఏ రోజు వచ్చిందో గడిలో ఓ మూల చిన్నగా రాసి ఉండేది. చాకలి పద్దుకి వేరే నోటు పుస్తకం. ఇంట్లో ఎవరికి ఏ అనుమానమొచ్చినా నేరుగా దాని దగ్గరికెళ్ళి చూసుకునేవాళ్ళు. ఫోన్లొచ్చాక ఆ సమాచారమంతా గోడ మీంచి దిగి ఒకరి ఫోన్లోకి వెళ్ళిపోయింది, ఆ ఫోన్‌కి పాస్‌వర్డ్ ఉంది. ఇది చిన్న మార్పులా కనిపిస్తుంది గానీ చిన్నది కాదు, అందరిదీ అయిన సమాచారం ఒక్కరిది అయిపోయింది.

మా గోడ క్యాలెండర్ డైనింగ్ టేబుల్ పక్కన ఫోన్లు చార్జింగ్ పెట్టే చోట ఉంటుంది, ఎందుకంటే ఇంట్లో ప్రతి ఒక్కరూ రోజుకి ఒక్కసారైనా వచ్చి తీరే చోటు అదే. పెన్ను దారంతో కట్టి ఉంటుంది, కట్టకపోతే అది ఎవరి బ్యాగులోకో వెళ్ళిపోతుంది. మనిషికో రంగు పెట్టమని చాలామంది చెప్తారు, నాకది నచ్చదు, రాయాలనుకున్న క్షణంలో ఆకుపచ్చ పెన్ను కనపడక రాయడమే మానేస్తారు, ఏ పెన్ను దొరికితే దాంతో రాయండి. రంగుకన్నా ముఖ్యమైన నియమం ఒకటుంది, గడిలో పనితోపాటు మనిషి పేరు కూడా ఉండాలి. "పీటీఎం" అని రాస్తే చాలదు, "పీటీఎం 10:30, నాన్న" అని రాయాలి. పేరు లేని పని ఏదైనా సరే చివరికి అమ్మ మీదే పడుతుంది, మీ ఇంట్లో గమనించి చూడండి. వ్యాన్ రాని రోజు అని ఒక్కటే రాస్తే అది సమాచారం, పక్కన "మావయ్యగారు దింపుతారు, తీసుకొచ్చేది నేను" అని ఉంటేనే ఏర్పాటు.

ఫోన్ క్యాలెండర్ మానేయమని నేను అనను. ఆఫీసు మీటింగులు, ఆయన షిఫ్టులు, ఇంకో గంటలో డాక్టర్ దగ్గరికి బయల్దేరాలి అని మోగే అలారం, ఇవన్నీ ఫోన్లోనే. కానీ రెండిట్లో తేడా వస్తే గోడ మీదున్నదే లెక్క. గోడ మీద లేదంటే ఆ ప్రోగ్రాం లేనట్టే. ఈ నియమం పెద్దవాళ్ళక్కూడా వర్తిస్తేనే పిల్లలు నమ్ముతారు.

తెలుగు క్యాలెండరే ఎందుకు అంటే దానికీ కారణముంది. ఫోన్లో ఏ తేదీకైనా ప్రతి ఏడాదీ రిపీట్ అని పెట్టేస్తే పనైపోతుందనుకుంటాం, కానీ మన ఇళ్ళల్లో సగం ముఖ్యమైన రోజులు తిథుల ప్రకారం ఉంటాయి. మావయ్యగారి నాన్నగారి తద్దినం, నోములు, వ్రతాలు, పెద్దవాళ్ళు నక్షత్రం ప్రకారం చేసుకునే పుట్టినరోజులు, వీటికి రిపీట్ బటన్ పనిచెయ్యదు. 2025లో వినాయక చవితి ఆగస్టు 27న వచ్చింది, 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి సెప్టెంబర్ 14కి వెళ్ళింది. దసరా అక్టోబర్ 2 నించి 20కి వెళ్ళింది. చాంద్రమానం ఏడాదికి పదకొండు రోజులు వెనక్కి జరుగుతూ ఉంటుంది, రెండున్నరేళ్ళు దాటాక అధికమాసమొచ్చి దాన్ని ఒక్కసారి ముందుకి తోస్తుంది. అందుకని ఉగాదికి కొత్త పంచాంగం రాగానే అత్తయ్యగారూ అమ్మాయీ కూర్చుని ఏడాది మొత్తానికీ ఆ రోజులన్నీ చూసి గోడ మీద రాసేస్తారు. తద్దినం రోజు ఆయన సెలవు పెట్టాలి, బ్రాహ్మణుడికి ముందే చెప్పుకోవాలి, ఆ రోజు పిల్లల బాక్సు ముందు రాత్రే ఆలోచించుకోవాలి. ఇవన్నీ నెల ముందు కనిపిస్తే హడావుడి ఉండదు. ఈ పని అత్తయ్యగారి చేతిలో ఉండటం నాకు చాలా ఇష్టం, ఇంట్లో దీని గురించి ఆవిడకి తెలిసినంత ఇంకెవరికీ తెలీదు, అమ్మాయి ఆవిడ దగ్గర నేర్చుకుంటోంది.

పెద్దవాళ్ళ మాటొచ్చింది కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. ఉద్యోగాలు చేసే కోడళ్ళూ కొడుకులూ ఉన్న ఇళ్ళల్లో తాతయ్యా నానమ్మల గడులు ఎప్పుడూ ఖాళీ అనుకుంటారు. వాళ్ళు ఇంట్లోనే ఉంటారు కదా, పిల్లని చూసుకుంటారు కదా, కొరియర్ తీసుకుంటారు కదా. వాళ్ళకీ గుడికెళ్ళే టైముంటుంది, పార్కులో స్నేహితులుంటారు, మూడు నెలలకోసారి షుగర్ టెస్టుంటుంది, ఎవరో బంధువులని చూసి రావాలనుంటుంది. అవి కూడా అదే క్యాలెండర్ మీద అదే సైజులో రాయాలి. పెద్దవాళ్ళు "మాకేం చెప్పరు" అని బాధపడే ఇళ్ళు నేను చాలా చూశాను, నిజంగానే వాళ్ళకి ఎవరూ చెప్పరు, అందరూ సూట్‌కేసులు సర్దుతుంటే చూసి తెలుసుకుంటారు. గోడ మీద రాసినా సరే వాళ్ళకి కూర్చుని నోటితో చెప్పాలి. మెసేజ్ పెడితే సమాచారం చేరుతుందేమో గానీ గౌరవం చేరదు.

ఇప్పుడు అసలు వాదన దగ్గరికొస్తాను, పని పంచుకోవడం ఎలా అని. "నువ్వు చెప్తే చేసేవాణ్ణి కదా" అన్న మాట వినని ఇల్లాలు ఉండదు. ఆ మాట అనేవాళ్ళు మంచిమనసుతోనే అంటారు, కానీ చెప్పడమే సగం పని. ఏం చెప్పాలో ఆలోచించాలి, ఎప్పుడు చెప్పాలో చూసుకోవాలి, చెప్పింది జరిగిందో లేదో మళ్ళీ అడగాలి, రెండోసారి అడిగితే సణుగుడు అంటారు. అందుకని పనులు పంచుకోవద్దు, విషయాలు పంచుకోండి. ఒక విషయం ఒకరిదైతే దాని మొదలూ తుదీ గుర్తుపెట్టుకోవడంతో సహా వాళ్ళదే. మా ఇంట్లో పిల్లల వైద్యం మొత్తం మా ఆయనది. దంతాల డాక్టరు, కళ్ళజోడు పవర్ చెకప్, టీకా బూస్టర్లు, ఫైలు ఎక్కడుందో కూడా ఆయనకే తెలుసు, నన్ను అడగరు, నేను గుర్తు చెయ్యను. స్కూలూ కాలేజీ ఫీజులు, బస్సులు, పుస్తకాలు నావి. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే అయిదు శాతం తగ్గుతుందని గుర్తుపెట్టుకునేది మావయ్యగారు, కరెంటు బిల్లూ ఆయనదే.

మగవాళ్ళకి ఇలాంటివి గుర్తుండవు, వాళ్ళ బుర్ర వేరేగా ఉంటుంది అని ఆడవాళ్ళు కూడా అంటుంటారు. నేనస్సలు ఒప్పుకోను. బండి పొల్యూషన్ సర్టిఫికెట్ ఎప్పుడు అయిపోతుందో, కారు ఇన్సూరెన్స్ ఎప్పుడు కట్టాలో, ఎల్ఐసీ ప్రీమియం ఏ నెలో ఎవరూ గుర్తు చెయ్యకుండానే వాళ్ళకి తెలుసు. ఎందుకు తెలుసు? అవి వాళ్ళు మర్చిపోతే గుర్తుంచుకునే మనిషి వెనకాల ఇంకొకరు లేరు కాబట్టి. వెనకాల ఎవరో ఉన్నారని తెలిస్తే ఎవరి బుర్రైనా ఆ విషయాన్ని వదిలేస్తుంది. ఆఫీసులో ఇరవైమంది టీమ్ సెలవలు, రిలీజ్ డేట్లు నోటికి చెప్పగలిగిన మనిషికి సొంత కూతురి స్కూల్ డే తేదీ గుర్తుండదంటే అది బుర్ర తేడా ఎలా అవుతుంది.

అయితే విషయం ఇచ్చేశాక ఇచ్చినవాళ్ళు కూడా నిజంగా వదలాలి. వాళ్ళు వేరే డాక్టర్‌ని చూసుకోవచ్చు, మనకి నచ్చిన టైమ్ కాకుండా వేరే టైమ్ తీసుకోవచ్చు, మనం పక్కన నిలబడి అది కాదు ఇది అంటే ఇచ్చినట్టు కాదు. మొదట్లో కొన్ని జారిపోతాయి. యూనిఫామ్ ఇస్త్రీకి వెయ్యడం జారిపోతే ఒకరోజు మడతలతోనే స్కూలుకి వెళ్తుంది, ఏమీ కాదు. కానీ మందులు, పరీక్ష ఫీజు ఆఖరి తేదీలు, హాల్ టికెట్లు, ఇలాంటివాటి దగ్గర ప్రయోగాలు వద్దు, వాటికి గడిలో ఇద్దరి పేర్లు రాయండి.

ఇదంతా నడవాలంటే వారానికి ఒక్కసారి అందరూ కలిసి కూర్చోవాలి. మాకు ఆదివారం రాత్రి భోజనాలయ్యాక పావుగంట. ఆ వారం ఎవరు ఎప్పుడు ఇంట్లో ఉండరు, ఎవర్ని ఎవరు దింపుతారు, ఎవరికి ఏం కొనాలి, ఎవరైనా వస్తున్నారా. అంతే. అక్కడ మార్కుల గురించి మాట్లాడకూడదు, ఖర్చుల గురించి దెబ్బలాడకూడదు, వారం కిందట ఎవరేం మర్చిపోయారో తవ్వకూడదు. ఒక్కసారి అది క్లాసు పీకే చోటు అయ్యిందంటే మరుసటి వారం నించీ పిల్లలు నిద్రొస్తోందంటారు, మళ్ళీ వాళ్ళని కూర్చోబెట్టడం చాలా కష్టం. రాత్రి తొమ్మిదింటికి "అమ్మా రేపు పొద్దున్నకి చార్టు కావాలి" అనే మాట మా ఇంట్లో పూర్తిగా పోయిందని చెప్పను, స్కూలువాళ్ళు కూడా ముందు రోజే చెప్తుంటారు ఒక్కోసారి, కానీ చాలా తగ్గింది, ఎందుకంటే డైరీ చూసుకుని తన గడులు తనే నింపుకోవడం అమ్మాయి బాధ్యత. ఆరో తరగతి పిల్లకి అది ఎక్కువేం కాదు. నింపుకోకపోతే చార్టు ఇంట్లో ఉన్న పాత కాగితం వెనకాల చేసుకుంటుంది.

ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్ళకి ఇంకో మాట. పొద్దున్న చీకటితో వెళ్ళి రాత్రి స్టడీ అవర్లయ్యాక వచ్చే పిల్లాడికి వారంలో మిగిలేది ఆదివారం మధ్యాహ్నం ఒక్కటే. ఆ గడిలో మేము ఏమీ రాయము. పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు, చుట్టాలు, ఎన్నున్నా వాడు రావాలా వద్దా అన్నది వాణ్ణే అడుగుతాం. క్యాలెండర్ అందరికీ కనిపించేలా ఉండటం వల్ల వచ్చిన పెద్ద లాభం ఇలాంటిదే, ఎవరి మీద ఎంత మోపుతున్నామో కంటికి కనిపిస్తుంది. అమ్మాయికి కూచిపూడి, అబాకస్, స్విమ్మింగు మూడూ ఒక వరసలో రాసి ఉండటం చూశాక అబాకస్ మానిపించేశాం. ఎంత చక్కగా ప్లాన్ చేసినా వారానికి ఏడు రోజులే, అన్నీ పట్టించేయాలని చూడటం ఆర్గనైజ్ చేసుకోవడం కాదు.

పనమ్మాయిని కూడా ఈ లెక్కలో కలపండి. చుట్టాలొస్తున్నారని ఆవిడకి పొద్దున్న గుమ్మంలో చెప్తాం, ఆవిడ సెలవు పెడితే మాత్రం "ముందే చెప్పొద్దా" అంటాం. ఆవిడకీ ఇంకో మూడు ఇళ్ళుంటాయి, పిల్లలుంటారు, ఊళ్ళో జాతరుంటుంది. ఆవిడకి చదవడం రాకపోయినా ఇబ్బంది లేకుండా మేము ఆదివారం రాత్రే వాయిస్ మెసేజ్ పెట్టేస్తాం ఈ వారం ఇదీ సంగతి అని, ఆవిడ కూడా రాని రోజులు అలాగే పెడుతుంది, అవి గోడ మీదికి ఎక్కుతాయి. ఈ చిన్న పనివల్ల ఎన్ని చిరాకులు తగ్గాయో.

ఇల్లంటే ఆఫీసా, మీటింగులేంటి, గడులేంటి, ఇంట్లో ప్రేమగా ఉంటే చాలదా అని నన్ను మా బంధువుల్లోనే కొందరు అడిగారు. వాళ్ళ ఇళ్ళకెళ్ళి సాయంత్రం కూర్చుంటే మొగుడూ పెళ్ళాల మధ్య నడిచే మాటలేంటో చూడండి. గ్యాస్ బుక్ చేశావా, ఫీజు కట్టావా, వాడికి ఫోన్ చేశావా, ఎందుకు చెయ్యలేదు. రోజుకి కలిసి కూర్చునేది అరగంట, ఆ అరగంటా ఈ విచారణలోనే పోతుంది. ఈ ప్రశ్నలన్నీ గోడకి అప్పగించేస్తేనే మనుషులు వేరే మాటలు మాట్లాడుకోగలిగేది. మా ఆయన షిఫ్టు నించి వచ్చాక మేమిద్దరం బాల్కనీలో టీ తాగుతూ ఇంటి పనుల గురించి ఒక్క మాట కూడా మాట్లాడుకోని రోజులు ఇప్పుడున్నాయి. పద్ధతి పెట్టుకోవడం ప్రేమ తగ్గించదు, ప్రేమకి టైమ్ మిగులుస్తుంది, ఈ మాట నేను ఎవరితోనైనా వాదించగలను.

అందరికన్నా కష్టమైంది దూరంగా ఉన్న అమ్మానాన్నల సంగతి. ఇక్కడ గోడ పనికిరాదు, కాకినాడలో ఒక గోడ, హైదరాబాద్‌లో ఒక గోడ, డాలస్‌లో ఇంకోటి. చాలా కుటుంబాల్లో అమెరికాలో ఉన్న కొడుకు డబ్బులు పంపిస్తాడు, ఇక్కడున్న కూతురు మిగతా అంతా గుర్తుపెట్టుకుంటుంది, ఇద్దరి మధ్యా ఆ బరువు గురించి మాటే రాదు, కొన్నేళ్ళకి అది మనస్పర్థ అవుతుంది. దూరంగా ఉన్నవాళ్ళు డబ్బు తప్ప ఏమీ చెయ్యలేరు అన్నది నిజం కాదు, గుర్తుపెట్టుకోవడానికి వీసా అక్కర్లేదు. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, ఏటా నవంబర్‌లో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి, ఎనభై దాటాక అక్టోబర్ 1 నించే ఇవ్వొచ్చు, ఇప్పుడైతే ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోంచే చేసేయొచ్చు. అది మొత్తం తమ్ముడిది. వీడియో కాల్‌లో దగ్గరుండి చేయిస్తాడు, రసీదు వచ్చిందాకా చూసుకుంటాడు. ఇద్దరి మందులూ నెలనెలా ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టేది వాడే, హెల్త్ ఇన్సూరెన్స్ రెన్యువల్ వాడిదే. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళడం, రిపోర్టులు చూడటం, ఇంటి రిపేర్లు నావి. మూడు ఇళ్ళకీ కనిపించేలా ఒక షేర్డ్ క్యాలెండర్ ఫోన్లో పెట్టుకున్నాం, దాన్ని అమ్మ చూడదు, అందుకని ప్రతి నెలా మొదట్లో ఆ నెల తేదీలన్నీ నేను ఫోన్లో చదివితే అమ్మ తన గోడ మీద రాసుకుంటుంది.

వాడు ఆదివారం పొద్దున్న మన టైము ఎనిమిదింటికి కాల్ చేస్తాడు, వాళ్ళకప్పుడు శనివారం రాత్రి. అక్కడ ఏడాదికి రెండుసార్లు గడియారం గంట మారుస్తారు, మార్చి రెండో ఆదివారం నించి నవంబర్ మొదటి ఆదివారం దాకా డాలస్‌కీ మనకీ పదిన్నర గంటలు తేడా, మిగతా నెలల్లో పదకొండున్నర. అందుకే ఆ కాల్ మన ఎనిమిదికే అని తేల్చుకున్నాం, గడియారం మార్చుకునేది వాడే, నాన్న కాదు. ఆ మార్పు రోజులు రెండూ కాకినాడ క్యాలెండర్ మీద కూడా రాసే ఉంటాయి, ఆ తర్వాతి ఆదివారాల్లో వాడి కాల్ పది నిమిషాలు ఆలస్యమైనా అమ్మ కంగారు పడదు.